చేతులు ఖాళీగా ఉంచుకొందాము



పెట్టె సర్దుకోవడము గురించి కుటుంబ పత్రికలో వ్రాసేంత విషయము ఏముంటుందని మీరు అనుకోవచ్చు. మేమూ అలాగే అనుకొనేవారము. 2023 జూలైలో తెనాలి స్టేషనులో జరిగిన ఒక సంగతి మా అభిప్రాయమును మార్చివేసింది.

మేము భార్యాభర్తలము, హైదరాబాదులో ఉంటాము. మాలో ఒకరు ఒక సంస్థకు లెక్కలు చూస్తారు, మరొకరు పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతారు. 2020లో కరోనా వచ్చినప్పటినుండి ఇద్దరి పనీ ఇంట్లోనే జరుగుతున్నది. ఒక్కొక్కరికి ఒక ల్యాప్‌టాప్, దానికి ఇంటర్నెట్టు ఉంటే చాలు. తెనాలి దగ్గర పల్లెలో ఒంటరిగా ఉండే మా అమ్మమ్మగారు (పిల్లల వరుసన మేమూ అలాగే పిలుస్తాము) ఆ సంవత్సరము స్నానాల గదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయ్యాక మూడు నెలలు ప్రక్కన మనిషి ఉండాలని డాక్టరుగారు చెప్పారు. "మన పని ఎక్కడినుండైనా చేసుకోవచ్చు గదా, మనమే వెళ్దాము" అని ప్రార్థన చేసుకొని బయలుదేరాము.

మూడు నెలలు గదా అని ఇల్లంతా మూట కట్టాము. రెండు పెద్ద సూట్‌కేసులు, పరుపుల చుట్ట, కుక్కరూ గిన్నెలూ ఉన్న గోనెసంచి, పుస్తకాల అట్టపెట్టె, పచ్చళ్ల డబ్బాల సంచి, చిట్టచివర ల్యాప్‌టాప్‌లు రెండూ పెట్టిన చిన్న సంచి. మొత్తము ఏడు. తెనాలిలో బండి ఎంతోసేపు ఆగదు. ఒకరు లోపలనుండి అందిస్తూ, ఒకరు క్రింద అందుకొంటూ దింపాము. బండి కదిలిపోయాక లెక్కపెడితే ఆరే ఉన్నాయి. కుక్కరు దిగింది, పచ్చళ్లు దిగాయి, మేము ఆ ఊరు రాగలగడానికి కారణమైన ల్యాప్‌టాప్‌ల సంచి మాత్రము పై బెర్తుమీదనే ఉండిపోయింది.

రైల్వేవారి 139 నంబరుకు ఫోను చేశాము. దేవుని దయవలన ముందు స్టేషనులో పోలీసువారు సంచిని దింపి భద్రపరిచారు. దానికోసము ఒకరు తరువాతి బండిలో వెళ్లవలసి వచ్చింది. మిగిలిన ఆరింటిని విడిచి కదలలేక రెండవవారు ప్లాట్‌ఫారముమీదనే కూర్చోవలసి వచ్చింది. మధ్యాహ్నము చేరవలసిన ఇంటికి రాత్రి పదిగంటలకు చేరాము. వీధిలో ఆటో చప్పుడు వినబడినప్పుడెల్లా అమ్మమ్మ "వాళ్లేనా?" అని అడిగారని పొరుగింటి అక్క చెప్పింది. మమ్మును చూడగానే ఆమె లేవాలని చెయ్యి చాపారు. మా నాలుగు చేతులలోనూ సామానే ఉన్నది. "ముందు ఆ సామాను దింపండి నాయనా, తరువాత నన్ను లేపుదురుగాని" అన్నారు అమ్మమ్మ. ఆమె కోపముతో అనలేదు. అయినా ఆ మాట మాలో నాటుకొనిపోయింది.

పరిశుద్ధ గ్రంథములో సామాను

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో మొదటి సమూయేలు పదియవ అధ్యాయము గుర్తుకు వచ్చింది. సౌలును రాజుగా ఎన్నుకొన్న దినమున ఎంత వెదకినా అతడు కనబడలేదు. సామానులో దాగియున్నాడని యెహోవాయే తెలియజేశాడు. దేవుడు పిలిచిన పనికి ముందుకు రావలసిన మనిషి సామాను చాటున ఉండిపోయాడు. అమ్మమ్మకు సేవ చేయబోయిన మేమూ ఆ దినమంతా సామాను చాటుననే ఉన్నాము.

మార్కు సువార్త ఆరవ అధ్యాయములో యేసుప్రభువు పన్నెండుమందిని ఇద్దరిద్దరిగా పంపినప్పుడు చేతికఱ్ఱ, కాళ్లకు చెప్పులు తప్ప రొట్టెగాని, జోలెగాని, సొమ్ముగాని, రెండవ అంగీగాని వద్దన్నాడు. రోగులను ముట్టుకొని స్వస్థపరచవలసినవారి చేతులు మూటలతో నిండియుండకూడదు గదా.

తన పనిని వెంటబెట్టుకొని ఊరూరా తిరిగినవాడు అపొస్తలుడైన పౌలు. కొరింథులో అకుల ప్రిస్కిల్ల అనే దంపతుల ఇంట ఉండి, వారితో కలిసి డేరాలు కుట్టుచు, ఆ పట్టణములో ఏడాదిన్నర వాక్యము బోధించాడు. దూరాన ఉన్న సంఘములను ఉత్తరములతోనే నడిపించాడు. ఆయన ఆస్తి ఎంతో తెలియాలంటే తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయము చూడాలి. త్రోయలో కర్పు అనే సహోదరుని వద్ద విడిచివచ్చిన అంగీని, పుస్తకములను, ముఖ్యముగా చర్మపు కాగితములను తెమ్మని ఆయన అడిగాడు. చలికి ఒక వస్త్రము, పనికి కాగితములు. వాటితోపాటు తిమోతి చలికాలము రాకమునుపే రావాలని కోరాడు. అన్నిటికంటె ఆయనకు కావలసినది మనిషి.

మేము సర్దుకొంటున్న తీరు

ఇప్పుడు ఎన్ని నెలల ప్రయాణమైనా ఒక్కొక్కరికి ఒక పెట్టె, ఒక భుజము సంచి మాత్రమే. ఈ రోజులలో పల్లెలనుండి కూడ ఎందరో పిల్లలు ఇలాంటి ఉద్యోగములలో ఉన్నారు గనుక మేము నేర్చుకొన్నది వ్రాస్తున్నాము.

మొదట పని సామాను సర్దాలి, ఆ తరువాతనే బట్టలు. ల్యాప్‌టాప్, ఛార్జరు, వైరున్న ఇయర్‌ఫోను, పవర్ బ్యాంకు భుజము సంచిలోనే ఉండాలి. ఆ సంచి భుజముమీదనుండి దిగకూడదు, ఇంకొక సంచితో కలవకూడదు. పాత ఇండ్లలో గదికి ఒకటే ప్లగ్ పాయింటు ఉంటుంది గనుక చిన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి ఉంటే ఇంటివారి ఫ్యాను తీయించే పని ఉండదు. కరెంటు పోతే ఇంట్లోని వైఫై కూడ పోతుంది. అందుచేత రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములు ఉంచుకొని, ఫోనునుండి హాట్‌స్పాట్ పెట్టుకొంటాము. ఆ వారానికి కావలసిన ఫైళ్లను ముందే దింపుకొంటాము. మీటింగులో మాట చాలినప్పుడు వీడియో పెట్టము. డేటా ఎంతో మిగులుతుంది.

బట్టలు మూడు జతలు: ఒంటిమీద ఒకటి, దండెముమీద ఒకటి, పెట్టెలో ఒకటి. నాలుగవది ఆదివారము ఆరాధనకు. మూడు దినములైనా మూడు నెలలైనా ఇవే, ఎందుకంటే ఉతుక్కోవడము ఎక్కడైనా ఉన్నదే. వానాకాలములో మందపు నూలు బట్ట రెండు దినములైనా ఆరదు. టెరికాటను అయితే రాత్రి ఉతికితే తెల్లవారేసరికి ఆరుతుంది. టర్కీ టవలుకు బదులు పలుచని నూలు తువ్వాలు చాలు, అదే అవసరమైతే దుప్పటి, అదే తలగుడ్డ.

మందులు నెలకు సరిపడ, చీటీతో సహా, భుజము సంచిలో ఉండాలి. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకము నకళ్లు ఒక కవరులో పెట్టుకోవాలి. బైబిలు ఫోనులో ఉన్నా చిన్నదొకటి పెట్టెలో పెట్టుకొంటాము. ఫోను తెరిస్తే పని కూడ తెరుచుకొంటుంది గదా.

రైలులో స్లీపరు టిక్కెట్టుకు 40 కిలోలు, ఏసీ రెండవ తరగతికి 50 కిలోలు ఉచితముగా తీసుకుపోనిస్తారు. అంత తీసుకుపోవచ్చునేగాని తీసుకుపోవాలని కాదు. దేశములోపల విమానములలో మామూలుగా సామానుకు 15 కిలోలు, చేతిసంచికి 7 కిలోలు ఇస్తారు. పవర్ బ్యాంకు సామానులో వేయకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. మా తెనాలి సామాను ఎంత బరువో మేము తూయలేదు. 2024లో బెంగుళూరులోని మా అమ్మాయి ఇంటికి రెండు నెలలకు వెళ్లినప్పుడు మాత్రము తూచాము. ఇద్దరిదీ కలిపి 17 కిలోలు.

మరి బరువు ఎవరిమీద పడింది?

ఆ 17 కిలోల సంగతి మేము అందరికీ గొప్పగా చెప్పుకొన్నాము. అమ్మాయికి కాన్పు అయి మూడు వారములు. వారిది రెండు గదుల ఇల్లు. మేము వెళ్లిన నాలుగవ దినమున ఒకరము మీటింగులో ఉండగా అమ్మాయి తలుపు సందులోనుండి మెల్లగా అడిగింది: "నాన్నా, బాబు ఏడుస్తున్నాడు, వాడిని ఈ గదిలోకి తేవచ్చా? మీ మీటింగు అయ్యిందా?"

మేము సిగ్గుపడ్డాము. మేము దుప్పట్లు తేలేదు గనుక వారివి కప్పుకొన్నాము. బల్ల తేలేదు గనుక అల్లుడు పనిచేసుకొనే బల్ల తీసుకొన్నాము, అతడు వంటగది గట్టుమీద పనిచేసుకొంటున్నాడు. ఇంటర్నెట్టు వారిది, కరెంటు వారిది. అన్నిటికంటె ముఖ్యముగా, బాలింత తన యింట్లో తాను మెల్లగా మాట్లాడుతున్నది. పెట్టెలోనుండి తీసివేసిన బరువు ఎక్కడికీ పోలేదు. పిల్లల భుజములమీద పడింది.

ఆ రాత్రి థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక చదివాము. ఎవరికీ భారముగా ఉండకూడదని రాత్రింబగళ్లు కష్టపడి పనిచేశామని పౌలు రెండవ అధ్యాయములో జ్ఞాపకము చేస్తాడు. ప్రభువు కూడ కడవరి రాత్రి లూకా సువార్త ఇరువది రెండవ అధ్యాయములో, ముందు జోలె వద్దని పంపిన శిష్యులతోనే, ఇప్పుడు సంచి ఉన్నవాడు తీసుకొనవలెనని చెప్పాడు. కనుక తేలికగా వెళ్లడము ఒక్కటే ఆజ్ఞ కాదు. ఎదుటివారి ఇంటి పరిస్థితి ఎరిగి వెళ్లడము కూడ నేర్చుకోవాలి.

మరునాడే ఏర్పాటు మార్చాము. వెళ్లకముందు అడగవలసిన విషయమును వెళ్లిన తరువాత అడిగాము: "మా పనివేళలు ఇవి, మీకు ఏ వేళ ఇబ్బంది?" అల్లుని బల్ల అతనికి ఇచ్చివేసి, బజారులో ఒక మడతబల్ల కొన్నాము. వచ్చేటప్పుడు అది అక్కడి సంఘ కాపరిగారికి ఇచ్చాము. ఇంటర్నెట్టు బిల్లు మేము కట్టాము. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఇద్దరమూ సగము పని ముగించి, మిగిలిన వేళలో వంతులు వేసుకొన్నాము. ఒకరు తలుపు వేసుకొని పనిచేస్తుంటే రెండవవారి ఒడిలో బాబు ఉండాలి. ఒక మడతబల్ల బరువు పెరిగింది, ఆ ఇంటి బరువు తగ్గింది.

సామాను యొద్ద నిలిచినవారు

మరొక సంగతి. మనము తేలికగా వెళ్లగలుగుతున్నామంటే, విడిచిన వాటిని ఎవరో కాచుతున్నారన్నమాట. మొదటి సమూయేలు ముప్పదియవ అధ్యాయములో దావీదు అమాలేకీయులను తరుముతూ వెళ్లినప్పుడు రెండువందలమంది అలసిపోయి బెసోరు వాగు దాటలేక సామాను యొద్ద ఉండిపోయారు. దోపుడు సొమ్ములో వారికి భాగము ఇవ్వకూడదని కొందరు అన్నారు. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధమునకు పోయినవానికి ఎంతో సామాను యొద్ద నిలిచినవానికి అంతే అని కట్టడ చేశాడు.

హైదరాబాదులో మా కుండీలకు నీళ్లు పోసి, ఉత్తరములు తీసి పెట్టే ఎదురింటి సహోదరి ఉన్నది. తెనాలి దగ్గర పల్లెలో మేము వెళ్లేవరకు అమ్మమ్మకు గంజి కాచి ఇచ్చిన పొరుగింటి అక్క ఉన్నది. వారు ఏ ఊరూ వెళ్లలేదు. ఈ పత్రిక చదివే మీలో చాలామంది అలాంటివారే. పిల్లలు పట్నములలో ఉంటే పొలము, పాడి, ముసలివారు, సంఘము మీ చేతులలో ఉన్నవి. చేతిలో ఒక్క సంచితో వచ్చి వెళ్లే పిల్లలారా, ఆ సంచి తేలికగా ఉండటానికి ఇంటివద్ద ఒకరు నిలిచియున్నారని మరువవద్దు. వారి భాగము వారికి ఇవ్వండి. డబ్బు ఒక్కటే కాదు, మీరు ఊరిలో ఉన్నన్ని దినములు ఆవుకు మేత వేయడము, ఆసుపత్రికి తీసుకువెళ్లడము, ప్రక్కన కూర్చొని వాక్యము చదివి వినిపించడము.

ఆ అక్టోబరునాటికి అమ్మమ్మ చేతికఱ్ఱతో గుడిదాకా నడిచారు. ఒక ప్రక్క కఱ్ఱ, ఒక ప్రక్క మా చెయ్యి. ఇప్పుడు ఆమె దగ్గరకు వెళ్లినప్పుడెల్లా గుమ్మములో అడుగు పెట్టకముందే భుజము సంచిని అరుగుమీద దింపుతాము. ఆమె నవ్వి చెయ్యి చాపుతారు.

ప్రియ చదువరులారా, ఈసారి మీరు ప్రయాణము కట్టేటప్పుడు పెట్టె మూయకముందు మూడు ప్రశ్నలు వేసుకొనండి. ఇది లేకుండ నా పని ఆగుతుందా? ఇది విడిచిపెడితే ఎవరిమీద భారము పడుతుంది? నేను చేరేచోట చెయ్యి చాపే మనిషికి నా చెయ్యి ఖాళీగా ఉంటుందా? ఈ మూడింటికి నెమ్మదిగా జవాబు చెప్పుకొని, ప్రార్థన చేసుకొని బయలుదేరండి. మన రాకపోకలయందు ప్రభువు తోడైయుండును గాక.