‘బెస్ట్’ అంటే ఎవరిలో?

బళ్లో ఇంగ్లిష్ గ్రామర్ చదివిన వారెవరికైనా ‘డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్’ గుర్తుంటుంది. టాల్, టాలర్, టాలెస్ట్ అని ఎక్కాల్లా వల్లె వేసి, ‘హైదరాబాద్ ఈజ్ వన్ ఆఫ్ ది బిగ్గెస్ట్ సిటీస్ ఇన్ ఇండియా’ను ‘వెరీ ఫ్యూ సిటీస్’తో మొదలుపెట్టి తిరగరాస్తే మార్కులు వచ్చేస్తాయి. ఆ ‘బిగ్గెస్ట్’ అసలు ఏం చెబుతోందన్న సంగతి మాత్రం చాలామందికి చివరిదాకా తెలియదు.

మూడడుగుల పిల్లవాడు అంగన్‌వాడీలో టాలెస్ట్ కావచ్చు. ఆరడుగుల మనిషి బాస్కెట్‌బాల్ జట్టులో షార్టెస్ట్ కావచ్చు. ఇలాంటి ‘-ఎస్ట్’ మాట, అంటే సూపర్లేటివ్, చెప్పేది ఒక గుంపులో ఎవరి స్థానం ఏమిటని. గుంపేదో తెలియకపోతే ఆ మాటకు నిలకడే లేదు.

ఈ విషయంలో తెలుగు ఎంతో నిజాయతీ గల భాష. ‘రాధ పొడుగు’, ‘సీత కంటే రాధ పొడుగు’, ‘అందరిలోకీ రాధ పొడుగు’. మూడింట్లోనూ ‘పొడుగు’ చెక్కుచెదరలేదు. పోల్చేది ఎవరితోనో ఆ మాటే ముందుకొచ్చి నిలబడింది. ఇంగ్లిష్‌లో తేడా విశేషణం తోకలో ఉంటుంది కనుక గుంపును దాచేసినా వాక్యం నడిచిపోతుంది. ‘ది బెస్ట్ కాఫీ’ అని బోర్డు రాసిన హోటలు, ఊళ్లోనా వీధిలోనా అన్నది చెప్పక్కర్లేదు.

మనవాళ్లు ‘వన్ ఆఫ్ ది బెస్ట్ స్టూడెంట్’ అని తడబడేదీ గుంపు దగ్గరే. ‘మంచి విద్యార్థుల్లో ఒకడు’ అని తెలుగులో బహువచనం దానంతటదే వస్తుంది. ఆ తెలుగు వాక్యాన్ని మనసులో ఉంచుకుంటే చాలు, ‘స్టూడెంట్స్’ తప్పిపోదు.

గుంపు గీత ఎంత ముఖ్యమో గిన్నిస్ బుక్ పుట్టుకే చెబుతుంది. 1951లో గిన్నిస్ బీరు కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్ సర్ హ్యూ బీవర్ ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్‌లో వేటకు వెళ్లాడు. గురి తప్పి గోల్డెన్ ప్లవర్ అనే పిట్ట ఎగిరిపోయింది. ఐరోపాలోని వేటపక్షుల్లో వేగంలో మొదటిది ఏదని రాత్రి వాదన లేచింది. ఏ పుస్తకంలోనూ జవాబు దొరకలేదు. అలాంటి జవాబుల కోసమే 1955లో ఆ పుస్తకం వచ్చింది. ప్రశ్నలో ‘ఐరోపా’, ‘వేటపక్షులు’ అన్న రెండు కంచెలూ తీసేస్తే మొత్తం పక్షుల్లో పెరిగ్రిన్ డేగ వచ్చి మొదట వాలుతుంది!

సూపర్లేటివ్ తోక తెలుగువారికి పరాయిదేమీ కాదు. ఎండాకాలం రోజూ పేపర్లో కనిపించే ‘గరిష్ఠ’, ‘కనిష్ఠ’ ఉష్ణోగ్రతల్లోని ‘ఇష్ఠ’, ఇంగ్లిష్ ‘ఎస్ట్’ ఒకే మూలం నుంచి వచ్చాయి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే తల్లి బిడ్డలై ఉండాలని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చెప్పిన చుట్టరికమే ఇది, ఇంగ్లిష్ కూడా ఆ ఇంటిదే. ‘స్వాదు’, ‘స్వీట్’ అక్కచెల్లెళ్లు. ‘స్వాదిష్ఠ’ అంటే అక్షరాలా ‘స్వీటెస్ట్’!

ఇప్పుడు ‘స్వాదిష్ఠమైన భోజనం’ అంటే రుచికరమైనదనే అర్థం, అన్నిటిలోకీ అన్న పోలిక వినపడదు. ‘శ్రేష్ఠ’ కూడా పలచబడింది. అందుకే దాని ముందు ‘అత్యంత’ చేర్చుతాం. షేక్‌స్పియర్ సైతం ‘జూలియస్ సీజర్’లో ‘మోస్ట్’నీ ‘ఎస్ట్’నీ ఒకే మాటకు తగిలించాడు. అది తప్పనే కట్టడి తర్వాతి వ్యాకరణవేత్తలు పెట్టిందే.

కొన్ని సూపర్లేటివ్‌లను గుర్తుపట్టడం కూడా కష్టం. ‘ఫస్ట్’, ‘లాస్ట్’, ‘నెక్స్ట్’ ఒకప్పుడు ఇలాంటి మాటలే. ‘నెక్స్ట్’ అంటే అన్నిటిలోకీ దగ్గరిది. మెట్రో రైల్లో ‘నెక్స్ట్ స్టేషన్’ అని వినపడగానే జనం సంచులు సర్దుకుని తలుపు దగ్గరికి జరుగుతారు. ముందున్న స్టేషన్లన్నిటిలోకీ దగ్గరిది వచ్చేస్తోంది మరి.