తీరిక వేళయు ఛాయాగ్రహణమును

నేను మంచిర్యాల వాడను. గోదావరి యొడ్డున పెరిగి, ముప్పదినాలుగు సంవత్సరములు బొగ్గుగనిలో భూమి క్రింద పనిచేసి, ఇప్పుడు విశ్రాంతి పొందియున్నాను. ఛాయాచిత్రములు తీయుట నా వృత్తి కాదు. ఆ పనివలన ఒక్క రూపాయియైనను ఆర్జించి యెఱుగను. అయినను ఆ పని నా బ్రతుకును చక్కబఱచినది. ఎట్లు చక్కబఱచినదో, నడుమ నొకసారి ఎట్లు చెడగొట్టబోయినదో కూడ ఈ పూట మీకు మనవి చేసికొందును.

గనిలో పని మూడు పాళీలుగా నడచును. ఉదయపు పాళికి పోవువాడు చలికాలమున తెల్లవాఱక ముందే ఇల్లు విడుచును. మధ్యాహ్నపు పాళికి పోవువాడు పిల్లలు నిద్రించిన పిమ్మట ఇల్లు చేరును. రాత్రి పాళివాడు పగలు పండుకొనును. తలమీది దీపము చూపినంత మేరయే వానికి లోకము. ఆదివారమునకు మా వాళ్లు ప్లేడే అని పేరు పెట్టిరి. ఆ యింగ్లీషు మాటకు ఆటదినమని అర్థము. కాని ఆ దినమున పనికి పోయినచో రెట్టింపు కూలి ముట్టును గనుక, ఆటదినమున ఆడినవారు తక్కువ. నేనును పదునొకండు సంవత్సరములు దొరకిన ప్రతి ప్లేడేకును పోయితిని. ఇల్లు కట్టవలెను, పిల్లలను చదివింపవలెను అని నా సమాధానము. ఆ సమాధానములో అబద్ధమేమియు లేదు.

1998వ సంవత్సరమున మా అమ్మాయి మూడవ తరగతి చదువుచుండెను. బడిలో పంతులుగారు ఎవరి ఇంటి బొమ్మ వారిని వేయుమనిరట. మా అమ్మాయి వేసిన బొమ్మలో తల్లి పొయ్యి కడ నున్నది, తమ్ముడు గడపలో నున్నాడు, ఒక మూలను మంచముమీద దుప్పటి ముసుగు పెట్టుకొని ఒక మనిషి పండుకొని యున్నాడు. ఆ మనిషిని నేనే. ముఖము లేదు. చూచి నవ్వితిని గాని ఆ నవ్వు నిలువలేదు. బిడ్డ తాను చూచినదే వేసినది. దానిని తప్పు పట్టుట యెట్లు?

ఆ రాత్రి నాకొక సంగతి తోచినది. మన ఆదిలాబాదు సీమలో పొలాల అమావాస్యనాడు ఎడ్లచేత పని చేయింపము. కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పూజించి, కడుపునిండ మేత వేయుదుము. ఏడాది పొడుగునను కాడి మోసిన మూగజీవమునకు ఒక దినము దానిదిగా విడిచిపెట్టవలెనని పూర్వులు విధించిరి. పంట పండిన నేలను కూడ అప్పుడప్పుడు బీడు పెట్టి సత్తువ కోలుకొననిత్తుము. ఎద్దునకును నేలకును తెలిసి చేసిన న్యాయమును నాకు నేను చేసికొనలేదు. కావడికి రెండు వైపుల బరువు ఉన్నప్పుడే భుజము నిలుచును. నా కావడికి ఒక వైపు మాత్రమే కుండ యుండెను.

నెలకు రెండు ప్లేడేలు మానుకొంటిని. అన్నియు మానుటకు మా ఇంటి లెక్క ఒప్పుకొనలేదు. ఆ రెండు దినములు ఏమి చేయవలెనో మొదట తెలియలేదు. అలవాటు లేనివానికి తీరికయు బరువే. మంచిర్యాల బజారులో ఒక స్టూడియోవారు పాత కెమెరా నొకదానిని అమ్మజూపగా కొంటిని. దానితో నాకు పని దొరకినది.

కెమెరా యనగా మన కంటివంటి యంత్రమే. కనుపాపవలె ముందు ఒక రంధ్రము. దానిని పెద్దది చేయవచ్చును, చిన్నది చేయవచ్చును. కనుఱెప్పవలె ఒక మూత. అది క్షణములో నూఱవ వంతు, వెయ్యవ వంతు కాలము మాత్రము తెఱచి మూసికొనును. లోపల వెండి లవణములు పూసిన పొర యుండును. వెలుగు సోకినచోట ఆ లవణము మాఱును. తరువాత మందునీళ్లలో కడిగినచో చిత్రము బయటపడును. 1839వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున డాగేర్ అనువాని పద్ధతిని లోకమునకు వెల్లడించిరి. ఆ దినములలో ఒక్క చిత్రమునకు నిమిషములకొలది కదలక యుండవలసి వచ్చెడిది. నేను నేర్చిన నాటికి రీలునకు ముప్పదియాఱు చిత్రములు. రీలు కొనుటకును కడిగించుటకును డబ్బు కావలెను గనుక, నొక్కుటకు ముందు చాలసేపు చూడవలసివచ్చెను. ఆ చూచుటయే నాకు ఔషధమైనది.

వెలుగు సంగతియు అప్పుడే తెలిసినది. నడి మధ్యాహ్నము సూర్యకాంతి నిట్టనిలువుగా వచ్చును. గాలిలో కొంత దూరమే ప్రయాణించును. ముఖముమీద కన్నుల క్రింద నల్లని నీడలు పడును. ఉదయ సాయంకాలములందు ఆ కాంతియే ఏటవాలుగా చాల దూరము గాలిలో నడచి వచ్చును. ఆ నడకలో నీలి రంగు చెదరిపోయి, పసుపును ఎఱుపును మనకు మిగులును. అందుచేత ఆ వేళల వెలుగు మెత్తగా, బంగారు వన్నెతో నుండును. మంచి చిత్రము కావలెనన్న తెల్లవాఱుజామున లేచి బయలుదేఱవలెను. పగటి నిద్రకు అలవాటుపడిన నా దేహము ఈ నెపమున సూర్యోదయమును మరల చూచినది.

ఇంక ఋతువుల మాట. మంచిర్యాల అనగానే చాలమందికి బొగ్గు, సిమెంటు, రైలుబండి జ్ఞప్తికి వచ్చును. నేనును అట్లే యనుకొనెడివాడను. ఏడాది తిరిగి చూచిన పిమ్మట మా సీమకు ఎన్ని రంగులున్నవో తెలిసినది. ఫాల్గుణమున మోదుగ చెట్టునకు ఆకు లేదు, అంతయు నిప్పువంటి పూవే. చైత్రమున తెల్లవాఱునప్పటికి ఇప్పపూవు నేలరాలియుండును, గంపలతో ఏఱుకొను తల్లులు చెట్ల క్రింద నుందురు. వైశాఖమున తునికియాకు కోతయు, రేలచెట్ల పసుపుపచ్చని గుత్తులును. తొలకరికి ఎఱ్ఱని పట్టుగుడ్డవంటి ఆరుద్ర పురుగు దుక్కిలో కనబడును. శ్రావణమున గోదావరి మట్టిరంగున నిండి పాఱును. భాద్రపదము తుదకు తంగేడు, గునుగు. విజయదశమినాడు పాలపిట్ట. చలికాలపు ఉదయమున కవ్వాల అడవిపై మంచుతెర. కవ్వాల 1965లో అభయారణ్యమై, 2012లో పులుల రక్షిత ప్రదేశమైనది. పులిని నేను చూడలేదు. పులి అడుగుజాడను బురదలో ఒకసారి చూచితిని. నా తృప్తికి అదియే చాలినది.

ఉద్యోగము చేయుచు చిత్రములు తీసినవారిలో నాకు ఆదర్శప్రాయుడు రాజా దీనదయాళ్. ఆయన 1844లో ఉత్తరదేశమున సర్ధనాలో జన్మించెను. రూర్కీలో ఇంజనీరింగు విద్య నేర్చి, ఇండోరులో ప్రభుత్వ మరామత్తు శాఖయందు నక్షాలు గీయు నుద్యోగిగా నుండెను. తీరిక వేళలలో ఛాయాగ్రహణము నభ్యసించి, సెలవుపెట్టి దేశము తిరిగి కోటలను గుళ్లను చిత్రించి, తుదకు ఉద్యోగము విడిచెను. సికింద్రాబాదున స్టూడియో పెట్టి ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన చిత్రకారుడై, ముసవ్వర్ జంగ్ అను బిరుదము పొందెను. 1905లో గతించెను. నాటి హైదరాబాదు ముఖమెట్లుండెనో నేడు మనకు తెలియుట చాలవఱకు ఆ నక్షాల గుమాస్తా తీరికవేళల ఫలము.

నేనేమో తీరికను దక్కించుకొంటిని గాని దానిని చెడగొట్టుకొనుటయు చేసితిని. ఒక యేడు సద్దుల బతుకమ్మనాడు కెమెరా మెడకు వేసికొని చెఱువుగట్టునకు పోయితిని. రీలు ముగియువఱకు దీపములనక, పూవులనక, జనమనక తీయుచునే యుంటిని. ఇంటికి వచ్చిన పిమ్మట మా అమ్మాయి, "నాన్నా, నేను పాట ఎత్తుకున్న, విన్నవా?" అని యడిగినది. మొదటిసారిగా నలుగురిలో ముందుపాట తాను పాడినదట. నేను పది గజముల దూరముననే యుంటిని. వినలేదు. చిత్రములలో వెదకితిని. ఒకదానియందు దాని జడమాత్రము కనబడినది. పూర్వము దుప్పటి క్రింద నుంటిని, ఇప్పుడు కెమెరా వెనుక నుంటిని. బిడ్డకు నా ముఖము కనబడకపోవుట మాత్రము మాఱలేదు.

నాటినుండి ఒక నియమము పెట్టుకొంటిని. ముందు కన్ను, పిమ్మట యంత్రము. పండుగనాడు మూడు చిత్రములకు మించి తీయను. అవి తీసిన వెంటనే కెమెరాను సంచిలో పెట్టి మనుష్యులలో కూర్చుందును. మఱియొక నియమమును ఒక గోండు పెద్ద నేర్పెను. కేస్లాపూరు నాగోబా పూజకై మెస్రం వంశమువారు పుష్యమాసమున చెప్పులు లేక కాలినడకను మా జన్నారము మండలము కలమడుగు కడనున్న హస్తినమడుగునకు వచ్చి గోదావరి జలము తీసికొనిపోవుదురు. నేను కెమెరా ఎత్తగా ఆ పెద్ద చేయి అడ్డముపెట్టెను. దించితిని. ఆయన నన్ను ప్రక్కను కూర్చుండబెట్టుకొనెను. ఆ దినపు చిత్రము నా యొద్ద లేదు, ఆ దినము మాత్రము చెక్కుచెదరక యున్నది.

ఇంక అసలు సంగతి చెప్పెదను. 2004లో గోదావరిపై ఎల్లంపల్లి ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. అది నేడు సుమారు ఇరువది టి.ఎం.సి.ల నీరు నిలుపుచు, హైదరాబాదునకు త్రాగునీటిని సైతము ఇచ్చుచున్నది. ఆ నీటి క్రిందికి పోవలసిన ఊళ్లలో మా అమ్మమ్మగారి ఊరొకటి. నా రెండు ఆదివారములను ఒక యేడాదిపాటు ఆ యూరికే కేటాయించితిని. గొప్ప చిత్రములకై పోలేదు. చావడి, చేదబావి, పెద్ద చింతచెట్టు, బడి మెట్లు, అరుగుమీద కూర్చున్న ముసలివారు, ఎండలో ఆరవేసిన మిరపకాయలు, గోడమీది గీతలు. ఋతువున కొకసారి ప్రతి వీధిని తీసితిని. అప్పుడు కొందఱు నవ్విరి. "మునిగేటి ఊరికి ఫొటోలెందుకు బిడ్డా?" అనిరి.

ఊరు ఖాళీ యైనది. నీరు నిండినది. జనము నాలుగు చోట్లకు చెదరిరి. కొన్ని సంవత్సరముల పిమ్మట ఒక వృద్ధురాలు మనుమనిని వెంటబెట్టుకొని మా ఇల్లు వెదకుకొనుచు వచ్చినది. "గా చింతచెట్టు ఫొటో నీ తాన ఉన్నదట గదా" అని యడిగినది. తీసి చేతిలో పెట్టితిని. చాలసేపు చూచి, చెట్టు మొదట ఒకచోట వ్రేలుంచి, "మా అమ్మ గీడనే ఉయ్యాల కట్టేది" అని మనుమనితో చెప్పినది. తరువాత ఎవరి ఇల్లు ఎక్కడనో, ఏ అరుగుమీద ఎవరు కూర్చుండెడివారో, ఏ బావి నీరు పప్పు ఉడికించునో, ఎవరితో ఎవరికి మాటలు లేవో వరుసగా చెప్పసాగినది. ఆ పిల్లవాడు ఆ యూరిని ఎన్నడును చూడలేదు. ఆ మధ్యాహ్నము చూచినాడు. నేను వదలుకొన్న రెట్టింపు కూలి ఎన్ని రూపాయలో లెక్క కట్టగలను. ఆ మధ్యాహ్నమునకు లెక్క కట్టలేను.

ఇట్టిదే మఱియొకటి మన ప్రక్కనే కలదు. ఆస్ట్రియా దేశీయుడైన హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు 1940 తరువాతి యేండ్లలో భార్యయగు బెట్టీతో కూడ మార్లవాయి గ్రామమున గోండులనడుమ నివసించి, వారి పండుగలను, పనిపాటలను చిత్రించెను. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము నెలకొల్పబడుటకు తోడ్పడెను. బెట్టీ 1987లో గతింపగా ఆమెను మార్లవాయిలోనే ఖననము చేసిరి. ఆయన చిత్రములు లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్యవిద్యాశాఖయందు భద్రముగా నున్నవి. నాటి గోండుల కట్టుబొట్టులను, ఇండ్లను నేటివారు కన్నులార చూడగలుగుట ఆ చిత్రముల వలననే.

పెద్దలారా, నేడు ప్రతి ఇంటను మనుమల చేతిలోని ఫోనులో కెమెరా యున్నది. రీలు లేదు, ఖర్చు లేదు. అందుచేతనే చూడక నొక్కుట ఎక్కువైనది. మీరు చేయదగిన పని మూడు విధములు. మొదటిది, మీ పెట్టెలలోని పాత చిత్రములను బయటికి తీసి, వెనుకవైపు మెత్తని పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. పేరు లేని చిత్రము రెండు తరములలో ఎవరిదో కాకుండ పోవును. తడి తగలని చోట కాగితపు కవరులో నుంచుడు. రెండవది, నెలకొక దినము మనుమనిని వెంటబెట్టుకొని పొలిమేర వఱకు నడవుడు. ఏ చెట్టు ఏ మాసమున పూయునో మీరు చూపుడు, చిత్రము వాడు తీయును. ఒకే చెట్టును ఆఱు ఋతువులందును తీయుమనుడు. వానికి ఓపిక అలవడును, మీకు మాటతోడు దొరకును. మూడవది, ఇంటిలో కష్టపడు కొడుకో కూతురో సెలవునాడును పనిలోనే యున్నచో, డబ్బు సంగతి యెఱిగియే, ఒక్క దినము మానుకొమ్మని మీ నోట చెప్పుడు. పెద్దలు చెప్పినగాని విశ్రాంతి తీసికొనుటకు సిగ్గుపడువారు మనలో చాలమంది కలరు. నేనట్టివాడనే.

మా అమ్మాయి 1998లో వేసిన బొమ్మ నా యొద్ద ఇంకను ఉన్నది. వెనుక పేరును సంవత్సరమును వ్రాసి దాచితిని. ఇప్పుడు దాని కూతురు బడికి పోవుచున్నది. మొన్న అదియు ఇంటి బొమ్మ వేసినది. అందులో తాత చెట్టు క్రింద నిలుచుండి యున్నాడు. ముఖము కలదు.