వయ్యారిభామను తినే పెంకు పురుగు

చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాలలో ఇల్లు కట్టని జాగా ఎక్కడైనా ఉంటే, నాలుగు వానలు పడగానే అక్కడ వయ్యారిభామ మొలుస్తుంది. పేరు మాత్రమే సొగసైనది. ఒక్క మొక్క వేలకొలది విత్తనాలు రాల్చుతుంది. అది సోకితే కొందరికి ఒంటిపై దురద, మరికొందరికి ఉబ్బసం కలుగుతాయి. అమెరికా ఖండానికి చెందిన ఈ కలుపును మన దేశంలో 1955లో పూనాలో గుర్తించారు. స్వదేశంలో దానిని తినే పురుగులు పెక్కు ఉన్నవి. ఇక్కడ పశువులు సైతం సాధారణంగా ముట్టవు.

అందుచేత మన శాస్త్రజ్ఞులు 1983లో మెక్సికోనుండి ఒక పెంకు పురుగును బెంగుళూరుకు తెప్పించి, పరీక్షించి, 1984లో బయట విడిచిపెట్టారు. దీని శాస్త్రీయనామం జైగోగ్రామా బైకలరేటా. పొడవు సుమారు 6 మిల్లీమీటర్లు. పాలిపోయిన పసుపు రెక్కలపై ముదురు గోధుమరంగు చారలుంటాయి. ఆకులను తినే క్రైసోమెలిడే కుటుంబంలోనిది. మన వరిని పాడుచేసే హిస్పా పురుగు కూడ ఆ కుటుంబానిదే! పంటల శత్రువులున్న ఇంటినుండి మిత్రుని తెచ్చుకోవడం సాహసమే. కాని ఈ కుటుంబంలో అనేక జాతులు కొన్ని మొక్కలను తప్ప వేరొకదానిని తినవు. నమ్మకమంతా ఆ గుణంమీదనే.

ఆ నమ్మకానికి 1990 ప్రాంతంలో పరీక్ష వచ్చింది. పురుగు పొద్దుతిరుగుడు ఆకులను కొరుకుతున్నట్లు కనిపించింది. రైతు కలవరపడక ఏమి చేస్తాడు? కొత్తగా విడువటం ఆపి, ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. వయ్యారిభామ, పొద్దుతిరుగుడు ఒకే కుటుంబపు మొక్కలు కనుక అనుమానం సహజమే. అయితే పరిశోధకులొక చిత్రాన్ని గమనించారు: వయ్యారిభామ పుప్పొడి గాలికి వచ్చి పడిన పొద్దుతిరుగుడు ఆకులను పురుగు కొరికింది. అనగా దానిని మోసగించినది అలవాటైన మొక్క పుప్పొడియే. వట్టి పొద్దుతిరుగుడుపై దాని సంతతి నిలవజాలదు. పంటకు ప్రమాదం లేదని సంఘం తేల్చింది.

ఆకు అడుగున పెట్టిన గుడ్లు వారంలోపుగా పొదుగుతాయి. పిల్ల పురుగులు ముందు లేత మొగ్గలను, తరువాత ఆకులను తిని, మట్టిలో దూరి ప్యూపాలవుతాయి. విద్యార్థులు వానకాలంలో వెదికి చూడవచ్చును. మొక్కను ఒట్టి చేతులతో మాత్రం తాకరాదు. చలికాలం వచ్చేసరికి పెద్ద పురుగులు చాలావరకు నేలలో దాగి, మళ్ళీ వానలకే లేస్తాయి. వయ్యారిభామకు అంత నియమం లేదు. తడి దొరికితే చాలు, ఏ ఋతువులోనైనా మొలుస్తుంది. నాలా గట్టున వేసవిలో మొలిచిన మొక్కను తినటానికి అప్పుడు పైన పురుగు ఉండదు.