చూచినదెల్లా నిజమేనా?

మోటారు సైకిలుపై వచ్చిన ఇద్దరు, వీధిలో ఆడుకొంటున్న బాలుణ్ణి ఎత్తుకుపోయారు. 2018లో ఈ దృశ్యం మన దేశంలో ఫోను నుండి ఫోనుకు పాకి, పిల్లల దొంగలు తిరుగుతున్నారన్న వదంతికి సాక్ష్యమై కూర్చుంది. నిజానికది కరాచీలో పిల్లల భద్రతకై తీసిన ప్రచార చిత్రం. బాలుణ్ణి తిరిగి తెచ్చి దింపే చివరి ఘట్టాన్ని ఎవరో కత్తిరించారు!

ఆ వదంతుల ఫలితం ఘోరం. జూలై 1న మహారాష్ట్రలో, ధూలే జిల్లా రైన్‌పాడాలో, సంచార జాతికి చెందిన ఐదుగురిని పిల్లల దొంగలని భ్రమించి జనం కొట్టి చంపారు. చట్టం నేరస్థులను శిక్షించవచ్చు. పోయిన ప్రాణాలను తేలేదు. కనుక విరుగుడు ముందే కావాలి.

అది సాధ్యమే. ఆ సంవత్సరమే కేరళలోని కన్నూరు జిల్లాలో సుమారు 150 ప్రభుత్వ పాఠశాలలు ‘సత్యమేవ జయతే’ పేరిట బూటకపు వార్తను పోల్చుకోవడం నేర్పాయి. తెలంగాణలోని గద్వాల ప్రాంతంలో పోలీసులు డప్పులతో, పాటలతో ఊరూరా తిరిగి వదంతులను నమ్మవద్దని చాటారు.

నేర్పవలసిన ప్రశ్నలు నాలుగే: చెప్పినదెవరు? ఎప్పటిది? ఎక్కడిది? ముందు వెనుకల ఏమున్నది? లెక్కలు నేర్పే బడి వీటినీ నేర్పాలి. బడి వయస్సు దాటినవారికి రచ్చబండ, గ్రంథాలయం బడులు కావాలి. ఆధారం అడగడం రానంతకాలం మన అక్షరాస్యత అరకొరే.