శరత్కాలంలో మార్గదర్శక యాత్ర: ఓరుగల్లు నుండి మోటుపల్లి వరకు

గత భాగంలో యాత్రామార్గాన్ని రూపొందించడంలోని సూత్రాలను తెలుసుకున్నారు. ఇప్పుడు వాటిని ఒక ఉదాహరణకు అన్వయించి చూద్దాం. వరంగల్ నుండి బయలుదేరి, కాకతీయుల కాలపు చిన్న ఊళ్లను చూస్తూ, బాపట్ల జిల్లా తీరంలోని మోటుపల్లికి చేరే నాలుగు రోజుల యాత్ర ఇది.

1. కాలాన్ని ఎంచుకోవడం

ఆశ్వయుజ, కార్తీక మాసాలు శరదృతువు. అప్పటికి నైరుతి వానలు తగ్గి చెరువులు నిండి ఉంటాయి. తంగేడు, గునుగు పూస్తాయి. బతుకమ్మ పండుగ భాద్రపద అమావాస్యనాడు మొదలవుతుంది. ఈ రోజుల్లో హనుమకొండలో వసతి, వాహనాలు ముందుగా కుదుర్చుకోవాలి. అయితే తీరంలో పరిస్థితి వేరు. అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో తుఫానుల కాలం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వేలాదిమందిని బలిగొన్నది. అందువల్ల లోతట్టు ప్రాంతాలను ముందు, తీరాన్ని చివర ఉంచాలి. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే తీరయాత్రను రద్దు చేయాలి. యాత్రికులు ఎంత కోరినా ఈ విషయంలో మార్గదర్శకుడు సడలకూడదు.

2. మార్గం

మొదటి రోజు: హనుమకొండ వేయి స్తంభాల గుడి, వరంగల్ కోట. గుడిని రుద్రదేవుడు 1163లో కట్టించాడు. ఇది శివుడు, వాసుదేవుడు, సూర్యుడు కొలువైన త్రికూటాలయం. కోటలో నాలుగు దిక్కులా నిలిచిన తోరణాలను చూపాలి.

రెండవ రోజు: పాలంపేట. రామప్ప గుడిని గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో ఇది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. శిఖరానికి నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. దగ్గరలోని చెరువును తప్పక చూపాలి. గుడి, ఊరు, చెరువు కలిసి ఎదగడం కాకతీయుల కాలపు లక్షణం. నిండిన చెరువును చూసినప్పుడే ఈ మాట యాత్రికునికి బోధపడుతుంది.

మూడవ రోజు: సూర్యాపేట సమీపంలోని పిల్లలమర్రి. ఇక్కడి ఆలయాలూ రేచర్ల వంశీయులవే. అక్కడి నుండి కృష్ణను దాటి తీరం వైపు సాగాలి.

నాలుగవ రోజు: మోటుపల్లి. నేడు ఇది చిన్న పల్లె. ఒకప్పుడు కాకతీయుల ప్రధాన రేవు.

3. మోటుపల్లిలో ఏమి చెప్పాలి?

ఇక్కడ కంటికి కనిపించేది తక్కువ, చెప్పవలసింది ఎక్కువ. తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవుడు 1244-45 నాటి అభయశాసనంలో ఆ ఆచారాన్ని మానివేసి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని వర్తకులకు మాట ఇచ్చాడు. కర్పూరం, చందనం, ముత్యాలు, దంతం, పట్టు, మిరియాలు మొదలైన సరుకుల పేర్లు అందులో ఉన్నాయి. శరత్కాలపు సముద్రం ఎదుట నిలబడి ఈ శాసనాన్ని వివరిస్తే దాని విలువ వెంటనే అర్థమవుతుంది. తుఫాను భయం నాటి వర్తకునికీ, నేటి జాలరికీ ఒక్కటే.

4. శాసనం, జనశ్రుతి

రామప్ప అనే శిల్పి పేరుమీదనే గుడికి ఆ పేరు వచ్చిందని జనం చెప్పుకుంటారు. దానిని జనశ్రుతిగానే చెప్పాలి. శాసనంలో ఉన్నది రేచర్ల రుద్రుని పేరు. అలాగే మార్కోపోలో ముత్ఫిలి అని పేర్కొన్న ఈ రాజ్యపు రాణిని రాజు భార్యగా రాశాడు. రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె. జనశ్రుతిని విడిచిపెట్టనక్కరలేదు. కథను కథగా, శాసనాన్ని శాసనంగా చెప్పడమే మార్గదర్శకుని నిజాయితీ. యాత్రికుడు ఇంటికి తీసుకువెళ్లేది మనం చెప్పిన మాటనే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఈ యాత్రలో తీరాన్ని చివర ఉంచడానికి కారణం ఏమిటి?
2. మోటుపల్లి శాసనం వర్తకులకు ఇచ్చిన అభయం ఏది?
3. మీ ఊరి సమీపంలోని ఒక గుడి, చెరువు తీసుకొని ఒక రోజు యాత్రను రూపొందించండి. అందులో ఏది శాసనాధారమో, ఏది జనశ్రుతో విడిగా రాయండి.