బాంక్సియా మొక్కకు కొసరి వడ్డించకండి

పెర్త్‌లో సొంత ఇల్లు కొనుక్కున్న తెలుగువారిలో పెరటి తోట వెయ్యనివారు అరుదు. కరివేపాకు, గోంగూరలతో పాటు ఇప్పుడు చాలామంది ఈ దేశపు సొంత చెట్లయిన బాంక్సియా, హేకియా, గ్రెవిలియాలను కూడా నాటుతున్నారు. సంతోషించవలసిన విషయమే. అరకు కాఫీ తోటల్లో మిరియాల తీగలు పాకే సిల్వర్ ఓక్ కూడా గ్రెవిలియా జాతిదే, తూర్పు ఆస్ట్రేలియా నుంచి వెళ్లినదే. కాబట్టి చుట్టరికం పాతదే.

అయితే నర్సరీ నుంచి పచ్చగా వచ్చిన మొక్క కొన్ని వారాలకే ఆకుల అంచులు మాడి చనిపోవడం కూడా మనవాళ్లకు అనుభవమే. అందుకు ఒక ముఖ్య కారణం మనం ప్రేమతో వేసే ఎరువులోని భాస్వరం.

కృష్ణా, గోదావరి డెల్టాల నేల వరదలు తెచ్చిన ఒండ్రుతో ఏర్పడింది. పశ్చిమ ఆస్ట్రేలియా నైరుతి ప్రాంతానిది వేరే కథ. ఇటీవలి భూచరిత్రలో ఇక్కడ అగ్నిపర్వతాలు గాని, హిమానీనదాలు గాని కొత్త మట్టిని తెచ్చి పొయ్యలేదు. లక్షల ఏళ్ల వానలకు సారం కొట్టుకుపోయింది. మిగిలిన కాస్త భాస్వరాన్ని చాలాచోట్ల ఇనుము, అల్యూమినియం గట్టిగా పట్టుకుని ఉంటాయి.

ఈ పేద నేలలో బతకడానికి బాంక్సియా కుటుంబం ఒక ఉపాయం నేర్చుకుంది. సీసాలు కడిగే బ్రష్షులాగా గుత్తులు గుత్తులుగా పిల్లవేళ్లు వేస్తుంది. 1960లో హెలెన్ పర్నెల్ అనే శాస్త్రవేత్త వీటికి ‘ప్రోటియాయిడ్ వేళ్లు’ అని పేరు పెట్టారు. ఇవి సిట్రేట్ వంటి పదార్థాలను మట్టిలోకి వదిలి, చిక్కుకున్న భాస్వరాన్ని విడిపించి పీల్చుకుంటాయి. పైగా తల్లిచెట్టు విత్తనంలోనే భాస్వరాన్ని దండిగా దాచి పంపుతుంది, ప్రయాణానికి అమ్మ కట్టిచ్చిన పులిహోర పొట్లంలాగా. మొలక మొదట్లో దాని మీదే బతుకుతుంది.

ఇంత పొదుపరి మొక్కకు ‘చాలు’ అనడం మాత్రం సరిగా రాదు. మామూలు మొక్కలు కడుపు నిండితే భాస్వరం పీల్చడం బాగా తగ్గిస్తాయి. హేకియా ప్రోస్ట్రాటాకు ఆ శక్తి చాలా తక్కువని పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో మైకేల్ షేన్, హాన్స్ లాంబర్స్ తదితరులు 2004లో తెలియజేశారు. పీల్చిన భాస్వరం ఆకుల్లో పేరుకుని విషమవుతుంది. ఆకు పసుపుబారితే బలం చాలలేదనుకుని ఇంకో గుప్పెడు వేస్తాం. దానితో మొక్క పని సరి.

స్థానిక చెట్లన్నీ ఇంతే అనుకోకూడదు. మన ఊళ్లలో జామాయిల్ అనే యూకలిప్టస్‌ను తోటలుగా పెంచేవారు నాటేటప్పుడు భాస్వరం వేస్తారు, మొక్క ఏపుగా ఎదుగుతుంది. జాతి తెలుసుకుని వడ్డించాలన్న మాట.

నాటబోయేవారికి మా మనవి ఇది. బాంక్సియా కుటుంబపు మొక్కల దగ్గరకు సూపర్ ఫాస్ఫేట్, డి.ఎ.పి., ఎముకల పొడి, కోళ్ల ఎరువు రానివ్వకండి. డి.ఎ.పి. సంచి మీద 18-46 అని ఉంటుంది. ఆ 46 భాస్వరం లెక్కే. స్థానిక మొక్కల కోసమని, భాస్వరం తక్కువని రాసి ఉన్న మట్టినే కొనండి. కూరగాయల మడి నుంచి నీరు పారి వచ్చేచోట నాటకండి. ఏప్రిల్, జూన్ నెలల మధ్య తొలి వానలు పడ్డాక నాటితే వేసవిలోగా వేళ్లు లోతుకు దిగుతాయి. ఎరువులన్నీ కరివేపాకుకు, వంగమొక్కలకు అట్టేపెట్టండి, అవి కాదనవు.