పుట్టింటికి వచ్చు పక్షులు

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ప్రకృతిశోభకు పేరుపడిన తావు లేవి అని అడిగినచో ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెప్పుదురు. వంశధార సముద్రమున కలియు కళింగపట్నము కొందరికి ప్రీతిపాత్రము. మహేంద్రతనయ కడలి చేరు బారువ తీరము మరికొందరికి ఇష్టము. విజయనగరమువారు గోస్తనీనదిపై కట్టిన తాటిపూడి జలాశయమును ముందుగా పేర్కొందురు. ఇవన్నియు చూడదగినవే, సందేహము లేదు. కాని కొండగాని, సెలయేరుగాని, ఇసుకతిన్నెగాని కారణము కాక, కేవలము ఊరి చెట్లవలన ప్రసిద్ధికెక్కిన పల్లె ఒకటి ఈ సీమలో కలదు. అది టెక్కలి మండలములోని తేలినీలాపురము.

శ్రీకాకుళమునుండి ఉత్తరముగా సుమారు యాభై కిలోమీటర్లు పోయిన టెక్కలి వచ్చును. దానికి చేరువనే ఈ ఊరు. సముద్రపు వైపున నౌపడ ఉప్పుమడులు, చిత్తడి నేలలు పరచుకొని యున్నవి. శరత్కాలము ప్రవేశించగనే ఈ ఊరి చింతలపైనను, ఇతర వృక్షములపైనను పెద్ద పెద్ద రెక్కలు వాలజొచ్చును. వానిలో ముఖ్యమైనవి గూడబాతులు. పత్రికలలో పెలికాన్‌లని వ్యవహరించునవి ఇవియే. ముక్కు క్రింద సంచివంటి తోలు వేలాడుచుండును. దానిని నీటిలో వలవలె ముంచి చేపలను పట్టును. రెక్కలు చాచినచో ఆ కొననుండి ఈ కొనకు రెండు మీటర్లు దాటును. అంతటి పక్షి చింతకొమ్మపై వాలునప్పుడు కొమ్మ ఊగిపోయి, ప్రక్క గూళ్ళలో కలకలము రేగుట చూడ ముచ్చటగా నుండును.

వాని సరసనే ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టును. పసుపుపచ్చని ముక్కు, రొమ్మున నల్లని పట్టె, తోక దగ్గర గులాబివన్నె ఈకలు వీని ఆనవాళ్ళు. ఇవి ముక్కును సగము తెరచి నీటిలో అటునిటు త్రిప్పుచు, కాలితో బురద కదిలించి, బెదరి కదలిన చేపను చటుక్కున పట్టును. ఎండ తీవ్రమైనప్పుడు తల్లి రెక్కలు విప్పి పిల్లలకు గొడుగు పట్టినట్లు నిలుచును. మన ప్రబంధకవులు హంసను, చకోరమును కీర్తించినదానిలో నూరవవంతైనను ఈ పక్షులను తలచినట్లు కానరాదు. చకోరము వెన్నెల త్రాగుట ఎవరును చూచి యెరుగరు. గూడబాతు పిల్ల తన తలను తల్లి సంచిలో దూర్చి ఆహారము తినుట మాత్రము తేలినీలాపురములో ఏ బడిపిల్లవాడైనను చూడవచ్చును.

ఈ పక్షులను గూర్చి లోకములో ఒక మాట స్థిరపడి యున్నది. ఇవి సైబీరియానుండి వేలకొలది కిలోమీటర్లు ఎగిరి వచ్చు విదేశీ అతిథులని జనులు చెప్పుకొందురు. పత్రికలును తరచుగా అట్లే వ్రాయును. వినుటకు ఇంపుగానే యున్నది గాని నిజము వేరు. గూడబాతు గ్రుడ్లు పెట్టు దేశములు భారతము, సింహళము, కంబోడియా మొదలైనవి. ఎర్రకాళ్ళ కొంగయు దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశములదే. ఈ రెండింటికిని సైబీరియాతో ఏ సంబంధమును లేదు. దీనిని గ్రహించుటకు విద్యార్థులకు సులువైన యుక్తి ఒకటి యున్నది. ఉత్తరదేశపు పక్షులు తమ దేశమున వేసవి వచ్చినప్పుడు, పగళ్ళు దీర్ఘమై మేత సమృద్ధిగా నున్నప్పుడు గూడు కట్టును. మనవైపు అవి వచ్చునది శీతకాలము గడుపుకొనుటకే. ఇక్కడ గూడు కట్టవు. ఇచ్ఛాపురమునకు ఆవల చిలక సరస్సులో శీతకాలమున దిగు సూదితోక బాతులు అట్టివి. అవి నిజమైన అతిథులు. కార్తికమాసములో పుల్లలు ఏరి గూడు కట్టుచున్న పక్షి సైబీరియాది కానేరదు.

కావున ఇవి అతిథులు కావు. పురుటికి పుట్టింటికి వచ్చు ఆడపడుచులు. గ్రుడ్డు పొదుగుటకు ఇంచుమించు ఒక నెల పట్టును. పిల్ల గూటిని అంటిపెట్టుకొని మూడునుండి అయిదు నెలలు పెరుగును. అందువలననే ఇవి వచ్చినది మొదలు ఫాల్గుణము వరకు కదలక ఇచ్చటనే యుండును. అతిథి ఈ యేడు రాకున్న వచ్చే యేడు వచ్చునని ఊరుకొనవచ్చును. పురుటికి రావలసిన పడుచు రాలేదన్న, ఆ యింట ఏదో లోపము కలిగినదన్న మాట.

అట్టి లోపము కలుగుట క్రొత్త కాదు. 1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతమున గూడబాతుల మహానివాసమును కనుగొని లోకమునకు తెలిపెను. మూడు దశాబ్దములు తిరుగకముందే ఆ గూళ్ళు పాడుపడినవి. చాలకాలమునకు గాని ఆటపాకలో, చెరువులో నిలిపిన ఇనుప మంచెలపై, ఆ జాతి మరల గూడు కట్టలేదు. నాటి నెల్లూరు జిల్లా నేలపట్టులో 1976లో ప్రభుత్వము పక్షి రక్షితకేంద్రమును ఏర్పరచినది. తేలినీలాపురపు రక్షణ మాత్రము చిరకాలముగా ఊరివారి చేతులలోనిదే. కర్ణాటకములోని కొక్కరె బెళ్ళూరు ఇటువంటిదే. పక్షులు వచ్చిన యేడు పంట పండునని ఇచ్చటివారి విశ్వాసము. రెట్ట పొలమునకు ఎరువగునన్నమాట నిజమే; కాని వాకిటి చెట్టుపై వందల పక్షులు కాపురముండగా చేపల నీచువాసనతో నెలల తరబడి సంసారము చేయుట ఎట్టిదో, దూరమునుండి చూచి ఆనందించి పోవువారికి తెలియదు. ఆ ఓర్పునకు ఇల్లాండ్రను ముందుగా మెచ్చుకొనవలెను.

అయినను ఊరివారి ఓర్పు ఒక్కటియే చాలదు. ఊరి చెట్టు పక్షికి పడకటిల్లు మాత్రమే. వంటిల్లు నౌపడ, కాకరాపల్లి ప్రాంతపు తంపర నేలలలో నున్నది. సోంపేట వైపు ఇట్టి నేలలనే బీల యందురు. ఏడాది పొడవున తడి ఆరని ఈ నేలలు కాగితములపై బంజరులుగా కనిపించును. సోంపేట బీలలో థర్మల్ విద్యుత్కేంద్రము కట్టబూనగా రైతులు, మత్స్యకారులు ఎదిరించిరి. 2010 జూలై 14న కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. ఆ కేంద్రమునకు ఇచ్చిన పర్యావరణానుమతి రద్దయినది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి ఉద్యమములోను అట్టి విషాదమే సంభవించినది. ఆ జనులు పోరాడినది తమ చేపలకొరకు, తమ పొలముల నీటికొరకు. పక్షుల పేరు ఎత్తినవారు కొలదిమందియే. కాని వారు నిలిపిన నీటిలోనే గూడబాతు నేటికిని సంచి ముంచుచున్నది. 2023లో సంతబొమ్మాళి మండలము మూలపేటలో నౌకాశ్రయమునకు శంకుస్థాపన జరిగినది. జిల్లాకు రేవు అవసరమే; దాని ప్రక్కనున్న తడినేలల లెక్కయు అంతే అవసరము.

ప్రకృతియు ఎల్లప్పుడును తల్లి కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానపు కొబ్బరి, జీడితోటలు నేలకూలినవి. తోట పోయిన రైతు దుఃఖము అందరు చూచిరి. చెట్టు పోయిన పక్షి దుఃఖము చూడదగినంత తీరిక ఆనాడు ఎవరికి నుండును? 2021 చివరను, మరుసటి యేడు మొదటను తేలినీలాపురములో నూరుకు పైగా గూడబాతులు మరణించెను. మేతతోపాటు కడుపులో చేరిన నులిపురుగులే కారణమని పరీక్షించినవారు చెప్పిరి. చెట్టు చల్లగా నున్నను, పక్షి తిన్న నీరు, చేప శుభ్రముగా నున్నవా అన్న ప్రశ్న అప్పుడు గాని పుట్టలేదు.

ఇదే జిల్లా కొసన, ఒడిశా సరిహద్దు నంటి యున్న ఇచ్ఛాపుర మండలములో తేలుకుంచి అను మరియొక పల్లె కలదు. తేలినీలాపురము వేసవికి బోసిపోగా, తొలకరికి ఆ ఊరు నిండును. అచ్చటివి నత్తగుల్ల కొంగలు. పై ముక్కునకు క్రింది ముక్కునకు నడుమ సందుండుట వీని వింత. నత్తను పట్టి, గుల్లనుండి మాంసము లాగుటకు ఆ ముక్కు ఎంతయో అనువైనది. వరిమళ్ళలో నత్తలను ఏరి తినును గనుక రైతునకు మేలు చేయును. ఇవియు సైబీరియావి కావు. థాయిలాండులో కాలికి గుర్తు తొడిగి విడిచిన పక్షి బంగ్లాదేశములో దొరకుటయే వీని దూరప్రయాణమునకు నిదర్శనము.

బడిపిల్లలను తేలుకుంచికి తీసికొనిపోవు ఉపాధ్యాయులు ఒకటి గమనింపజేయవచ్చును. గూటిలోని పిల్లకు ముక్కున సందుండదు. అన్ని కొంగలవలె సూటిగా మూసికొని యుండును. సందు పెరిగిన పిదప వచ్చును. ఆ పిల్లలు రెక్కలు వచ్చి ఎగిరిపోవునప్పటికి, దక్షిణముగా టెక్కలి దగ్గర చింతకొమ్మలపై గూడబాతులు తొలి పుల్లలు పేర్చుచుండును.